ఊరికే వచ్చినాలే అక్కా

ఆ రోజు పొద్దున సత్యానందం వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికల్లా రెండు వీధుల అవతలున్న ఆనంద్ ఇంటికి పోవాలి. "నాయనా, మీ అత్తకు ట్రాన్స్‌ఫర్ల వెబ్ ఆప్షన్లు పెట్టాల, సాయంత్రం ఆరింటితో ఆఖరు, కాస్త చేసిపెట్టు" అని అడగాలి. చేయించుకోవాలి. ఇంటికొచ్చి మిగిలిన పప్పుచారు వేడిచేసుకుని అన్నం తినాలి. ఇందులో కష్టమైన పని ఒక్కటే, అడగడం. అది సత్యానందానికి పుట్టుకతో చేతగాని విద్య.

మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో ఇరవయ్యేళ్లుగా సూపర్‌వైజరు. పెద్ద గొంతుతో ఎవర్నీ ఏమీ అని ఎరగడు. హోటల్లో ఇడ్లీ చెబితే ఉప్మా తెచ్చిపెట్టినా మారుమాటాడకుండా తిని వస్తాడు. మంగలి షాపులో తన వంతు దాటేసి ముగ్గురు కుర్చీ ఎక్కినా పేపరు తిరగేస్తూ కూర్చుంటాడు. లోకం ఇలాంటి వాణ్ణి మంచోడంటుంది. కట్టుకున్నది ఏమంటుందో లోకం కనుక్కోదు.

కట్టుకున్న రేచల్ గవర్నమెంటు టీచరు. ఎనిమిదేళ్ల కిందట బదిలీలప్పుడు, తన మోకాళ్ల సంగతి యూనియన్ నాయకుడి చెవిన వేసి రమ్మని మొగుణ్ణి పంపింది. సత్యానందం పోయాడు, అరుగు మీద కూర్చున్నాడు, ఇచ్చిన మజ్జిగ తాగాడు, ఆయన పనిలో ఉన్నట్టున్నాడని లేచి వచ్చేశాడు. రేచల్‌కు గిద్దలూరు అవతల, నల్లమల అంచున ఒక గూడెం బడి పడింది. రెండు బస్సులు, ఒక ఆటో, ఆపైన మైలు నడక. పొద్దున నాలుగున్నరకు లేవడం, చీకటి పడ్డాక ఇల్లు చేరడం. ఎనిమిదేళ్లు. ఇప్పుడు తర్లుపాడులో ఖాళీ వచ్చింది. ఆటో ఎక్కితే అరగంటలో బడి. ఈసారి తప్పితే మళ్లీ ఎన్నేళ్లో ఎవరికీ తెలియదు.

ఆఖరిరోజునే ఆమెకు గిద్దలూరులో ట్రైనింగు పడింది. అక్కడ ఫోన్లు పక్కన పెట్టించేస్తారు, టీ బ్రేకులో, లంచ్‌లో తప్ప చేతికివ్వరు. తర్లుపాడు మొదటిదిగా అరవై ఊళ్ల పేర్లు వరసగా కాగితం మీద రాసింది, కింద పాస్‌వర్డు రాసింది, మడిచి మొగుడి జేబులో తనే పెట్టింది.

"పోంగనే అడుగు. కూర్చోక ముందే అడుగు. కూర్చున్నావంటే నీ నోరు గూడా కూర్చుంటాది" అంది చెప్పులేసుకుంటూ.

"అడుగుతాలే."

"ఓటీపీ నా ఫోనుకు వస్తాది. ఒంటిగంటకు లంచ్. ఫోన్ చేత్తో పట్టుకోనుంటా. అడుగుతావు గదా?"

"అడుగుతానంటి గదా రేచల్!"

ఆమె గడప దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసి వెళ్లిపోయింది.

నిజానికి సత్యానందం ఈసారి అడగాలనే అనుకున్నాడు. కాకపోతే పద్ధతిగా అడగాలనుకున్నాడు. దానికి కారణముంది. పోయిన నెల కూరగాయల బండి దగ్గర ఆనంద్ తల్లి మస్తానమ్మ అందరికీ వినబడేట్టు తిట్టిపోసింది. "నా కొడుకు చేసేది బెంగుళూరు కంపెనీ ఉద్యోగమా, ఊరందరి ఫోన్లు బాగుచేసే దుకాణమా? ఇంట్లో ఉండి చేస్తాడు గదాని తినేటప్పుడొస్తారు, మీటింగులో ఉంటే వస్తారు. మర్యాదా మన్ననా ఉండక్కర్లా?" ఆ తిట్లు సత్యానందానికి సంబంధించినవి కావు, అయినా తిన్నంత పనైంది. అందుకని రాత్రంతా ఆలోచించి కొన్ని నియమాలు పెట్టుకున్నాడు. ఆనంద్ తనంతట తాను బయటికొచ్చేదాకా పిలవకూడదు. మస్తానమ్మ ముందు ఆ ఊసే ఎత్తకూడదు. మామిడిపళ్లు పట్టుకుపోతే పని కోసం ఇచ్చినట్టుంటుంది కాబట్టి ఉత్తచేతుల్తో పోవాలి. కాఫీలు, నీళ్లు అంటూ ఆడమనిషిని శ్రమపెట్టకూడదు.

చర్చికి వేసుకునే తెల్లచొక్కా, తెల్లప్యాంటు తొడుక్కుని బయల్దేరాడు.

మస్తానమ్మ వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. "ఏంది సత్యానందం, పొద్దున్నే?" అంది.

"ఊరికే వచ్చినాలే అక్కా."

"లోపలికి రా మరి."

"వద్దక్కా. ఈడనే కూర్చుంటా." అరుగు చివర, పడీపడనట్టు కూర్చున్నాడు.

"కాఫీ పెడతా ఉండు."

"వద్దక్కా."

"మజ్జిగన్నా తాగు. ఎండ ఎట్లుంది చూడు."

"వద్దక్కా, ఏమీ వద్దు. మంచినీళ్లు గూడా వద్దు."

మస్తానమ్మ చేతిలో చింతపండు ఆగింది. ఆగదా మరి! మా పడమటి పల్లెల్లో చావు కబురు తెచ్చే మనిషికొక పద్ధతుంది. ఉత్తచేతుల్తో వస్తాడు. ఇంట్లోకి రాడు. ఆ ఇంట్లో మంచినీళ్లు ముట్టడు. కబురు ఆడవాళ్లకు చెప్పడు, మగవాణ్ణి పక్కకు పిలిచి చెవిలో చెబుతాడు. ఈ పద్ధతి సత్యానందానికి తెలియక కాదు, తానిప్పుడు దాన్నే తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడని తోచలేదు, అంతే.

ఊరికే మూగోడిలా కూర్చోవడం బాగుండదని ఆయన మాట కలిపాడు. "అక్కా, కొమరోలులో మీ అన్న పెద్దమల్లయ్య ఎట్లున్నాడు? పోయిన నెల లోడు దించడానికి పోయినప్పుడు చూసినా. బాగా చిక్కిపోయినాడు పాపం."

మస్తానమ్మ గొంతు సన్నబడింది. "మా అన్నకేమైంది సత్యానందం?"

"ఏం లేదక్కా, మాటకు అడిగినా. ఆనంద్ లోపలున్నాడా?"

"మీటింగులో ఉన్నాడు. పిలవాల్నా?"

"వద్దొద్దు. పని కానీ. ఎంతసేపైనా కూర్చుంటా."

"ఏందో నాతో చెప్పు!"

"నీతో చెప్పేది కాదులే అక్కా. ఆనంద్ వచ్చినాక నిదానంగా చెప్తా. నువ్వేం మనసులో పెట్టుకోవాకు."

ఇంతకన్నా మర్యాదగా ఎవరూ మాట్లాడలేరని సత్యానందం అనుకున్నాడు. మస్తానమ్మ ఒళ్లోని చింతపండు రాలిపోతున్నా చూసుకోకుండా లేచి లోపలికి పోయింది.

గంటన్నర అలా గడిచింది. మస్తానమ్మ అన్నకు ఫోన్ చేసే ధైర్యం చాలక, గడపలోంచి ఆయన మొహం చూసిచూసి పోతోంది. పదిన్నరకు జేబులో ఫోన్ వణికింది. పరాయివాళ్లింట్లో ఫోన్ మాట్లాడితే లోపల మీటింగుకు అడ్డం కదా! సత్యానందం లేచి వీధి మలుపు దాకా పోయి ఎత్తాడు.

"అడిగినావా?" అంది రేచల్.

"కూర్చున్నా."

"అడిగినావా అంటే కూర్చున్నా అంటావేంది?"

"మీటింగులో ఉన్నాడు రేచల్. రాంగనే అడిగేస్తా. ఇంకా ఏడున్నర గంటల టైముంది గదా."

అవతల టీ గ్లాసులు గలగలమంటున్నాయి. "ఎనిమిదేండ్ల నాడు గూడా టైముండె" అని ఆమె పెట్టేసింది.

ఆయన అటు పోయిన ఆ పది నిమిషాల్లోనే జరగాల్సింది జరిగిపోయింది. మస్తానమ్మ కొమరోలుకు ఫోన్ చేసింది. మోగింది, ఎత్తలేదు. వదినకు చేసింది. అదీ ఎత్తలేదు. ఇంటిల్లిపాదీ చావు దగ్గరుంటే ఫోన్లెవరు ఎత్తుతారు? "అన్నా! నన్ను ఇడిసిపెట్టి పోయినావా అన్నా!" అని నెత్తీనోరూ కొట్టుకుంటూ వాకిట్లో కూలబడింది. ఆనంద్ చెవుల్లో యంత్రం అలానే ఉండగా పరిగెత్తుకొచ్చాడు. వీధి వీధంతా మూగింది.

సత్యానందం తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి. "కొమరోలు పెద్దమల్లయ్య పోయినాడంట. ఇప్పుడే కబురొచ్చింది" అంది ఎదురింటావిడ. తాను మలుపు దగ్గరున్నప్పుడు ఎవరో వచ్చి చెప్పిపోయారనుకున్నాడు సత్యానందం. కన్నీళ్లు పెట్టుకున్నాడు కూడా. జేబులో కాగితం మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. ఇంత దుఃఖంలో కంప్యూటరు మాట ఎత్తితే మనిషేనా?

ఆనంద్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మామా, నువ్వు గూడా రా. నువ్వుంటే మాకు ధైర్యం."

"నేనెందుకు నాయనా" అనడానికి నోరు రాలేదు. రాదు గదా. కారెక్కాడు. ఆనంద్ ఆఫీసులో సెలవు దొరక్క లాప్‌టాప్ సంచి కూడా తెచ్చి, "కాస్త జాగ్రత్తగా పట్టుకో మామా" అని ఒళ్లో పెట్టాడు. రెండుగంటల దారి పొడవునా అది సత్యానందం ఒళ్లోనే ఉంది.

కంభం దాటాక ఆనంద్ అద్దంలో చూస్తూ మెల్లగా అన్నాడు. "పొద్దున్నించి చెప్పలేక నువ్వెంత నలిగిపోయినావో నాకర్థమైంది మామా."

సత్యానందం గుండె కరిగిపోయింది. ఇంత బాధలోనూ తన పని కనిపెట్టాడే! "ఇప్పుడదెందుకులే నాయనా. ఆరు దాకా టైముంది."

"ఆరింటికా? అంత తొందరేంది?"

"గవర్నమెంటోళ్లు పెట్టిన టైము. దాటితే ఒప్పుకోరు."

"గవర్నమెంటోళ్లా?" కారు కాస్త పక్కకు పోయి మళ్లీ దారికొచ్చింది.

ముందు సీట్లోంచి మస్తానమ్మ కేక పెట్టింది. "పోస్టుమార్టమా! మా అన్నను ఎవురేం చేసినార్రా దేవుడా!"

ఆ మాటకు సత్యానందం కూడా అదిరిపడ్డాడు. ఎట్లా పోయినాడని అడగబోయి, ఏడుస్తున్న మనిషిని ఏమడుగుతాంలే అని ఊరుకున్నాడు. ఆవిడ ఆ ఊపులోనే దొనకొండలో ఉన్న మరిది వెంకటేష్‌కు ఫోన్ చేసింది. అన్నను ఎవరో చంపేశారంది, పోలీసులొచ్చారంది, మనుషుల్ని తీసుకుని రమ్మంది. ఆపైన కొండల్లో సిగ్నల్ పోయింది. అంతకుముందే, ఫ్యాక్టరీ నుంచి కాల్స్ వచ్చి జేబులో ఫోన్ ఉండుండి వణుకుతుంటే, చావుకు పోయే కార్లో ఇది మర్యాద కాదని సత్యానందం దాన్ని పూర్తిగా ఆపేశాడు.

గిద్దలూరులో పూలదండ కొనడానికి ఆగారు. ఒంటిగంటకు ఇంకా పది నిమిషాలుంది. రోడ్డుకు అవతలే ట్రైనింగు జరిగే బడి. గేటుకు బ్యానరు కట్టారు. లోపల రేచల్ ఉంది, ఒళ్లో లాప్‌టాప్ ఉంది, ముందు సీట్లో చేసిపెట్టే మనిషి ఉన్నాడు. ఒక్క మాట చాలు. సత్యానందం నోరు తెరిచాడు కూడా. మస్తానమ్మ వెక్కిళ్లు పెడుతూ వెనక్కి తిరిగి, "నువ్వు తోడొచ్చినావు, అదే పదివేలు తమ్ముడా" అంది. తెరిచిన నోరు మూతపడింది. ఆయన మూడు మూరల పొడవున్న దండను లాప్‌టాప్ సంచి మీద పరుచుకుని కూర్చున్నాడు.

కొమరోలు చేరేసరికి పెద్దమల్లయ్య ఇంటి వెనక దొడ్లో ఒక పొట్టేలు మెడను కాళ్ల మధ్య బిగించి, కడుపులో పురుగులు పోవడానికి నోట్లో మందు పోస్తున్నాడు. ఆలూబిడ్డలు, పక్కిళ్లవాళ్లు తలా ఒక జీవాన్ని పట్టుకుని ఉన్నారు. ఫోన్లు ఇంట్లో గూట్లో ఉన్నాయి. "అన్నా!" అని గుండెలు బాదుకుంటూ దొడ్లోకొచ్చిన మస్తానమ్మ, అన్నను చూసి ఇంకా పెద్దగా అరిచింది. పొట్టేలు బెదిరి పారిపోయింది.

"ఏందే? ఎవరు సచ్చినారు?" అన్నాడు పెద్దమల్లయ్య.

"నువ్వే అన్నా!"

"నేనా? ఎవుడు చెప్పినాడు?"

అందరూ సత్యానందం వైపు తిరిగారు. తెల్లచొక్కా, చేతిలో దండ, భుజాన లాప్‌టాప్.

"నేనేం చెప్పలేదు. మీకెవరో చెప్పినారనుకున్నా" అన్నాడు సత్యానందం.

"మంచినీళ్లు గూడా ముట్టకుంటివే! నాతో చెప్పేది కాదంటివే!" మస్తానమ్మ కొంగు బిగించింది. "మరి పొద్దున్నే ఎందుకొచ్చినావు?"

సత్యానందం నేల చూశాడు. "రేచల్‌కు ట్రాన్స్‌ఫర్ ఆప్షన్లు... కంప్యూటరు పని. మీటింగు అయినాక అడుగుదామని."

ఆనంద్ నెత్తి పట్టుకున్నాడు. అప్పటికే బెంగుళూరులో వాళ్ల టీము టీమంతా పెద్దమల్లయ్య ఆత్మశాంతికి లేచి నిలబడింది, మేనేజరు సంతాపం పంపాడు. "మామా, అది పది నిమిషాల పని. తలుపు తట్టి చెప్పింటే మీటింగులో ఉండే చేసిచ్చేవాణ్ణి గదా!"

"నిన్ను ఇబ్బంది పెట్టకూడదని నాయనా."

"బాగా పెట్టకుంటివిలే!" అంది మస్తానమ్మ.

"ఎంత పని జేసినావయ్యా! సరే, ఇప్పుడన్నా కానీ, ఇయ్యి ఆ కాగితం" అని ఆనంద్ చెయ్యి చాచాడు. టైము రెండు కాలేదు. కానీ పెద్దమల్లయ్య అడ్డం వచ్చాడు. రెండేళ్లుగా గడప తొక్కని చెల్లెలు తాను చచ్చాకైనా వచ్చింది, ఆ సంతోషం ఆయనకు ఎక్కువగానే ఉంది. పారిపోయిన పొట్టేలునే పట్టుకురమ్మన్నాడు, దానికి మందు పోశారని గుర్తొచ్చి ఇంకోదాన్ని పట్టుకురమ్మన్నాడు. "ముందు తినండ్రా. బతికున్నోని ఇంటికొచ్చి తినకుండా పోతే నిజంగానే సచ్చినట్టు లెక్క."

ఆనంద్ సత్యానందాన్ని చూశాడు. "ఏం మామా? ముందు పని చూద్దామా?"

అందరూ చూస్తున్నారు. పెద్దాయన చెయ్యి భుజం మీద ఉంది. పొద్దున్నించి జరిగిన రభసకు తానే కారణం. ఇంకా పనీపనీ అంటే ఏం బాగుంటుంది? "పెద్దాయన అంత ప్రేమగా చెప్తాండాడు. తిన్నాకే చూద్దాంలే నాయనా" అన్నాడు సత్యానందం. ఈ మాట ఆయన నోటితో ఆయనే అన్నాడు, ఎవరూ అనిపించలేదు.

కూర ఉడుకుతుండగా మూడున్నరకు దొనకొండ నుంచి వెంకటేష్ ఆరుగురితో, నాలుగు కర్రలతో దిగాడు. కొట్టడానికి మనిషి కోసం చూసి, దొరక్క, ఆ కర్రలు పొయ్యి కిందికిచ్చి బంతిలో కూర్చున్నాడు. జరిగింది విని సత్యానందాన్ని చూసి నవ్వీనవ్వీ అతనికి పొలమారింది. సత్యానందం కూడా మర్యాదకు నవ్వాడు. రేచల్ ఈపాటికి ఎన్నిసార్లు ఫోన్ చేసి ఉంటుందోనని ముద్దముద్దకూ లెక్కేసుకున్నాడు. అయినా బంతిలోంచి మధ్యలో లేవడం తప్పని కూర్చున్నాడు.

అయిదుంబావుకు చేతులు కడుక్కుని ఆనంద్ డాబా మీద లాప్‌టాప్ తెరిచాడు. సత్యానందం ఫోన్ ఆన్ చేశాడు. రేచల్ పద్నాలుగు సార్లు చేసినట్టు వరసగా మెసేజీలు పడ్డాయి. ఒంటిగంటా ఇరవై తర్వాత ఒక్కటీ లేదు.

"మామా! అత్తవి ఆల్రెడీ అయిపోయినాయి. ఒకటీ నలభైకి సబ్మిట్ చేసినట్టుంది" అన్నాడు ఆనంద్.

సత్యానందం రెండు చేతులూ పైకెత్తి ప్రభువుకు దండం పెట్టాడు. ఎంత తెలివైంది తన రేచల్! ఇంకేం కావాలి?

"కానీ మామా..." ఆనంద్ తెర మీద కిందికి జరిపి చూశాడు, కాగితం విప్పి చూశాడు, మళ్లీ తెర చూశాడు. "ఫస్టు గిద్దలూరు పెట్టింది. రెండోది, మూడోది గూడా గిద్దలూరే. తర్లుపాడు ఎక్కడా లేదే! తప్పు పడిందేమో ఫోన్ చెయ్యి. ఆరు లోపల మార్చుకోవచ్చు, ఓటీపీ చెప్తే చాలు."

రేచల్ ఒక్క రింగుకే ఎత్తింది.

"రేచల్, అదీ... ఆనంద్ చూస్తాండాడు. గిద్దలూరు పడిందంట. తప్పేమో..."

"తప్పు కాదు. తెలిసే పెట్టినా." ఆమె గొంతులో కోపం లేదు, అందుకే ఆయనకు భయమేసింది. "నీ ఫోన్ ఆగిపోయినాక పక్కన కూర్చున్నామెను అడిగినా. ఆమె దగ్గర లాప్‌టాప్ ఉండె. అన్నం తింటానే చేసిచ్చింది. పేరు గూడా తెలియదు నాకు. ఈడనే రూము చూసుకుంటా. ఆదివారాలు వస్తాలే."

సత్యానందం డాబా పిట్టగోడ పట్టుకున్నాడు.

ఆనంద్ మీటల మీద వేళ్లు పెట్టుకుని చూస్తున్నాడు. "ఇంకా అరగంటుంది మామా. ఎందుకో అడుగు" అన్నాడు గుసగుసగా.

ఫోన్లో రేచల్ కూడా కాసుకునే ఉంది. "ఇంకేమన్నా అడగాల్నా నువ్వు?" అంది.

ఎందుకని అడగాలి. వద్దు, రా అని అడగాలి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆమె చుట్టూ నలుగురు టీచర్లుంటారు, ఇప్పుడీ మాట అడిగితే ఆమెకు ఎంత ఇబ్బంది!

"ఏం లేదులే. అన్నం తిన్నావా?" అన్నాడు సత్యానందం.

ఆమె పెట్టేసింది.

ఆరు గంటలకు, ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా, గవర్నమెంటు వారు సైటు మూసేశారు. వాళ్లకు మొహమాటాల్లేవు.